సినిమా ఆగి ఆగి నడుస్తోంది, ఏ కార్డు కొనమంటారు?

పేరు వేయొద్దని కోరుతూ ఒక పాఠకుడు పెద్ద ఉత్తరమే రాశారు. అందులోని సంగతి క్లుప్తంగా ఇది.

ఏడాది కిందట ఆయన 55 అంగుళాల 4కే టీవీ కొన్నారు. సినిమాల ఫైళ్లన్నీ పాత కంప్యూటర్‌లో ఉన్నాయి. ఇంటెల్ నాలుగో తరం ఐ5 ప్రాసెసర్, ఆఫీసుల్లో బల్ల మీద పడుకోబెట్టే రకం సన్నపాటి సీపీయూ డబ్బా, 240 వాట్ల పవర్ సప్లై. దాన్నే హెచ్‌డీఎంఐ కేబుల్‌తో టీవీకి తగిలించారు. రాత్రిపూట నాన్నగారి పక్కన కూర్చుని సినిమా చూడాలన్నది ఆయన కోరిక. పెద్దాయనకు డెబ్బై దాటాయి, పాత బ్లాక్ అండ్ వైట్ సినిమాలంటే ప్రాణం.

కొత్త 4కే ఫైళ్లు పెడితే బొమ్మ ఆగి ఆగి నడుస్తోంది. మాట ముందు వచ్చేస్తోంది, పెదాలు తర్వాత కదులుతున్నాయి. ఆఫీసులో స్నేహితుడొకరు చెప్పారని, డబ్బా మీద ‘4 జీబీ’ అని పెద్ద అక్షరాలతో ఉన్న చిన్న గ్రాఫిక్స్ కార్డు (బొమ్మను తయారుచేసి తెరకు పంపే విడి పలక) కొని బిగించారు. ఏమీ మారలేదు. ఇవి చాలవన్నట్టు నలుపు రంగు బూడిదలా కనిపిస్తోంది, కెమెరా అటూ ఇటూ తిరిగినప్పుడు పాత సినిమాల్లో కూడా చిన్న కుదుపు, సబ్‌టైటిల్స్ కింది వరుస సగం తెగిపోతోంది. బావమరిది "చిన్నవి కొంటే ఇంతే బావా, మంచి గేమింగ్ కార్డు వేయించు" అంటున్నాడు. భార్య మాత్రం "ముందు కొన్నది ఏం చేసిందో చెప్పండి, తర్వాత రెండోది కొందురుగాని" అంటున్నారు. నాన్నగారు "బాగానే ఉందిలేరా" అంటూనే సగం సినిమాలో లేచి వెళ్లి పడుకుంటున్నారు. ఉత్తరం చివర ఒక వాక్యం చేర్చారు: "డైలాగులొస్తే సౌండ్ పెంచమంటారు, ఫైట్ వస్తే తగ్గించమంటారు, రిమోట్ నా చేతిలోనే ఉంటుంది."

ఈసారి తప్పు జరగకుండా ఏ కార్డు కొనాలో చెప్పమని అడిగారు.

మీ భార్య అడిగిన ప్రశ్న దగ్గరే మొదలుపెడదాం. ముందు కొన్న కార్డు ఏం చేసింది? మీరు రాసిన కార్డు పేరు ఇక్కడ వేయడం లేదు గానీ, దాని సంగతి ఇదీ. డబ్బా కొత్తదే, లోపలి చిప్ మాత్రం 2012 నాటి తరానిది. మీ 4కే ఫైళ్లు దాదాపు అన్నీ హెచ్‌ఈవీసీ అనే పద్ధతిలో కుదించినవి, కొందరు దాన్నే హెచ్.265 అంటారు. ఆ ప్రమాణం ఖరారైంది 2013లో. తను పుట్టాక వచ్చిన ముడిని విప్పడం ఆ చిప్‌కు ఎలా తెలుస్తుంది? మీ ప్రాసెసర్‌లోనే ఉన్న గ్రాఫిక్స్‌కీ అది రాదు. అంటే రాని వాడి పక్కన రాని వాడిని ఇంకొకణ్ని కూర్చోబెట్టారు. మీ తప్పేమీ లేదు, డబ్బా మీద 4 జీబీ అని రాస్తారు గానీ ఏ ముడి విప్పగలదో ఎవరూ రాయరు.

ఈ ముడి సంగతి కాస్త వివరంగా చెప్పాలి, మీ బావమరిదితో వాదన అంతా ఇక్కడే ఉంది కాబట్టి. సినిమా ఫైల్ అంటే గట్టిగా కట్టిన మూట. సెకనుకు 24 బొమ్మలు, ఒక్కో బొమ్మలో 80 లక్షలకు పైగా చుక్కలు. అన్నీ ఉన్నవి ఉన్నట్టు దాచాలంటే మామూలు డిస్కు చాలదు, అందుకే నొక్కి కడతారు. ఆ మూట విప్పడానికి గ్రాఫిక్స్ చిప్‌లో ఒక మూల చిన్న యంత్రం విడిగా ఉంటుంది. గేమ్స్ ఆడించే భాగానికీ దీనికీ సంబంధం లేదు. ముడి తెలిసిన చిన్న కార్డు చెమట పట్టకుండా విప్పేస్తుంది. తెలియకపోతే ఆ భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. పదేళ్లు దాటిన మీ ఐ5 పాపం పళ్లతో పీకుతూ కూర్చుంటుంది, ఆలోపు మాట వెళ్లిపోతుంది. సినిమాకు మీరు కార్డులో చూడాల్సింది ఆ మూల యంత్రాన్నే. జీబీలు, ఫ్యాన్ల సంఖ్య, రంగురంగుల లైట్లు మీ పనికి సంబంధించినవి కావు.

నా మాట నమ్మక్కర్లేదు, మీరే చూడండి. ఆగి ఆగి నడిచే సినిమా ఒకటి పెట్టి, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ అన్నచోట నొక్కితే ఎడమవైపు సీపీయూ (అంటే ప్రాసెసర్), జీపీయూ (అంటే గ్రాఫిక్స్ చిప్) అని కనిపిస్తాయి. జీపీయూ మీద నొక్కితే నాలుగు చిన్న గ్రాఫులు. వాటిలో ఒకదాని పేరు వీడియో డీకోడ్, అంటే ఆ ముడి విప్పే పని; అది లేకపోతే ఏదో ఒక గ్రాఫ్ పేరు మీద నొక్కి దాన్ని ఎంచుకోవచ్చు. నా అంచనా ప్రకారం ఆ గీత నేలకు అంటుకుని పడుకుని ఉంటుంది, సీపీయూ గీత మాత్రం నూటికి దగ్గరగా పైన వేలాడుతుంది. తర్వాత నాన్నగారి పాత సినిమా ఒకటి పెట్టి అదే గ్రాఫ్ చూడండి. ఇప్పుడు డీకోడ్ గీత కొద్దిగా లేస్తుంది, సీపీయూ హాయిగా ఉంటుంది. అది పాత హెచ్.264 పద్ధతిలో ఉన్న ఫైల్, ఆ ముడి మీ కార్డుకు వచ్చు. రెండు గ్రాఫులనూ ఫోన్‌తో ఫోటో తీసి మీ ఆవిడకు చూపించండి, ఆమె ప్రశ్నకు అదే జవాబు.

మీరు రాసిన నాలుగు ఇబ్బందులనూ ఒకే జబ్బు అనుకున్నారు. అక్కడే చిక్కు పడింది. వాటిలో కార్డుతో తీరేది ఆ మొదటిది ఒక్కటే. మిగతా మూడూ ఖర్చు లేకుండా తీరేవి, పైగా ఎంత పెద్ద కార్డు వేసినా వాటంతట అవి తీరవు.

సబ్‌టైటిల్స్ తెగిపోవడం తేలిక. మీ టీవీ బొమ్మను కాస్త పెద్దది చేసి అంచులు కత్తిరిస్తోంది, పాత ప్రసారాల కాలం నాటి అలవాటు. బొమ్మ సైజు సెట్టింగ్‌లో స్క్రీన్ ఫిట్ అనో, జస్ట్ స్కాన్ అనో, ఫుల్ పిక్సెల్ అనో ఉంటుంది, కంపెనీకో పేరు. అది పెట్టండి. అక్కడే ఆ హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ పేరును పీసీ అని మార్చే వీలుంటే మార్చండి, చాలా టీవీల్లో అక్షరాలు కూడా స్పష్టంగా వస్తాయి.

నలుపు బూడిదలా ఉండటం గురించి మీరు ఒక మంచి ఆధారం ఇచ్చారు, బహుశా ఇచ్చానని మీకే తెలియదు. "నాన్నగారి సినిమాల్లో హీరోయిన్ జడ కూడా బూడిద పూసినట్టు ఉంది" అని రాశారు. కొత్త సినిమాల్లో మాత్రమే రంగులు వెలిసిపోయి ఉంటే అది హెచ్‌డీఆర్ గొడవ (వెలుగునీడల తేడాను ఎక్కువగా చూపే పద్ధతి అది) అనుకునేవాణ్ని. హెచ్‌డీఆర్ ఫైల్‌ను మామూలు పద్ధతిలో చూపిస్తే రంగులు ఉతికి ఆరేసినట్టుంటాయి. పాత బ్లాక్ అండ్ వైట్‌లోనూ నలుపు పోయిందంటే కారణం వేరు. కంప్యూటర్లు నలుపును 0, తెలుపును 255 అని లెక్కిస్తాయి. వీడియో ప్రపంచంలో నలుపు 16, తెలుపు 235. కార్డు 16ను నలుపు అని పంపుతోంది, మీ టీవీ 0 వస్తేనే నలుపు అనుకుని, 16ను కాస్త వెలుగుగా చూపిస్తోంది. కార్డు కంట్రోల్ ప్యానెల్‌లో అవుట్‌పుట్ డైనమిక్ రేంజ్ అని ఉంటుంది, టీవీలో హెచ్‌డీఎంఐ బ్లాక్ లెవెల్ లాంటి పేరు ఉంటుంది. రెండు చోట్లా ఫుల్ అన్నా పెట్టండి, రెండు చోట్లా లిమిటెడ్ అన్నా పెట్టండి, ఒకటే ఉండాలి. తారుమారైతే మరో రకం బాధ: రాత్రి సీన్లో నల్లకోటు, నల్లజుట్టు, వెనక గోడ అన్నీ ఒకే తారుముద్ద అయిపోతాయి. ఏ జడలో పాయలు కనిపిస్తున్నాయో చూస్తూ సెట్ చేసుకోండి, నాన్నగారినే అడగండి, ఆయన ఆ సినిమాలు సినిమా హాల్లో చూసిన మనిషి.

కుదుపు సంగతి నాకు ఇష్టమైన విషయం, కొంచెం ఎక్కువ రాస్తాను. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 బొమ్మలు. మీ కార్డులోని హెచ్‌డీఎంఐ పాత 1.4 రకం, అది 4కేలో టీవీకి సెకనుకు 30 సార్లు మించి బొమ్మ పంపలేదు. మౌస్ బాణం తెర మీద ఈడ్చుకుంటూ కదులుతోందని ఎక్కడో రాశారు చూడండి, అది అందుకే. 24 ఫ్రేములను 30 గడుల్లో సర్దాలంటే ప్రతి నాలుగో ఫ్రేమును రెండుసార్లు చూపించాలి. సెకనుకు ఆరు తడబాట్లు. మనిషి నిలబడి మాట్లాడుతుంటే తెలియదు. కెమెరా మెల్లగా ఒక వీధిని చూపిస్తూ కదిలితే కన్ను పట్టేస్తుంది. సెకనుకు 60 సార్లు పంపే కార్డుతో కూడా 24 సమంగా పట్టదు, ఒక ఫ్రేము రెండుసార్లు, తర్వాతది మూడుసార్లు వేస్తూ పోవాలి. కాబట్టి ఎంత గొప్ప కార్డు కొన్నా 60 దగ్గరే వదిలేస్తే కుదుపు పూర్తిగా పోదు. చేయాల్సింది ఏమిటంటే, విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్‌లో రిఫ్రెష్ రేట్‌ను (సెకనుకు తెర ఎన్నిసార్లు మారాలో చెప్పే అంకెను) సినిమా చూసే ముందు 24కు మార్చడం. జాబితాలో 23 అని కూడా కనిపిస్తే అది పొరపాటు కాదు. చాలా ఫైళ్లు కచ్చితంగా 24 కాకుండా 23.976 వేగంతో ఉంటాయి, ఆ 23 వీటి కోసమే. అలాంటి ఫైల్‌ను 24లో ఆడిస్తే సుమారు 42 సెకన్లకోసారి ఒక ఫ్రేము రెండుసార్లు వస్తుంది. చాలామందికి తెలియదు. నాకు తెలుస్తుంది, ఇంట్లో వాళ్లు దాన్ని నా రోగం కింద జమకట్టారు.

ప్రతిసారీ చేత్తో మార్చడం విసుగైతే, కోడి (Kodi) లాంటి సినిమా ప్లేయర్ సాఫ్ట్‌వేర్లు సినిమా వేగాన్ని బట్టి టీవీని తామే మార్చి, అయిపోయాక వెనక్కి తెస్తాయి. మారేటప్పుడు తెర రెండు సెకన్లు నల్లబడుతుంది, కంగారుపడొద్దు. 24కు మీ పాత హెచ్‌డీఎంఐ 1.4 కూడా చాలు. అంటే ఈ రాత్రే, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా, నాన్నగారి సినిమాల్లో జడ నల్లబడుతుంది, వీధి కుదుపు లేకుండా కదులుతుంది, సబ్‌టైటిల్ పూర్తిగా కనిపిస్తుంది.

ఇక మిగిలిన ఆ మొదటి ఇబ్బందికి మీ ముందు నాలుగు దారులు ఉన్నాయి.

కార్డు ఆలోచన పూర్తిగా పక్కన పెట్టి ఫైల్‌ను టీవీకే అప్పగించడం ఒకటి. మీ 4కే టీవీ లోపల హెచ్‌ఈవీసీ విప్పే చిప్ ఎలాగూ ఉంటుంది. ఒక సినిమాను పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీ వెనక యూఎస్‌బీలో పెట్టి చూడండి. డ్రైవ్ ఫార్మాట్ ఫ్యాట్32 అయితే 4 జీబీ మించిన ఫైల్ ఎక్కదు, మీ టీవీ చదవగలిగేదాన్ని బట్టి ఎక్స్‌ఫ్యాట్ గానీ ఎన్‌టీఎఫ్‌ఎస్ గానీ చేసుకోండి. బాగా ఆడితే మీ సమస్య తీరినట్టే, హెచ్‌డీఆర్ కూడా దానంతట అదే వస్తుంది. నష్టాలూ ఉన్నాయి. కొన్ని టీవీలు డీటీఎస్ అనే పద్ధతిలో ఆడియో ఉన్న ఫైళ్లను మూగగా ఆడిస్తాయి. సబ్‌టైటిల్ అక్షరాలు కొన్నిసార్లు చిత్తుగా వస్తాయి. కంప్యూటర్లోని వందల సినిమాల జాబితా తెర మీద చూసుకునే సుఖం ఉండదు. ఇంటి నెట్‌వర్క్ ద్వారా టీవీకి పంపొచ్చు గానీ, చాలా టీవీల కేబుల్ పోర్టు 100 ఎంబీపీఎస్‌కే పరిమితం, మరీ బరువైన 4కే ఫైళ్లు అక్కడ ఆగిపోతాయి.

రెండోది, మీరు అడిగిన దారి: మీ డబ్బాలో పట్టే చిన్న కార్డు. ఇక్కడ ముందు డబ్బా గురించి ఆలోచించాలి. సన్నపాటి సీపీయూలో మామూలు ఎత్తు కార్డు పట్టదు, లో ప్రొఫైల్ అనే పొట్టి రకమే కావాలి, దానికి పొట్టి ఇనుప పట్టీ కూడా ప్యాకెట్లో ఉందో లేదో చూసుకోవాలి. మదర్‌బోర్డు స్లాట్ నుంచి కార్డుకు ప్రమాణం ప్రకారం అందేది గరిష్ఠంగా 75 వాట్లు. మీ పవర్ సప్లైలో కార్డు కోసం విడిగా వైరు ఉండకపోవచ్చు, కాబట్టి అదనపు వైరు అడగని కార్డే కొనాలి.

ఈ కొలతలకు సరిపోయే వాటిలో జీటీ 1030 అనే కార్డు ఉంది, 2017లో వచ్చింది. సుమారు 30 వాట్లు తింటుంది, ఫ్యాన్ లేని రకాలు దొరుకుతాయి, రంగుల మెట్లు ఎక్కువుండే 10 బిట్ హెచ్‌ఈవీసీ విప్పుతుంది, హెచ్‌డీఎంఐ 2.0 ఉంది కాబట్టి 4కేలో 60 హెర్ట్జ్ (సెకనుకు 60 సార్లు), హెచ్‌డీఆర్ రెండూ వస్తాయి. గేమర్లు దాన్ని చూసి నవ్వుతారు, నవ్వనివ్వండి. ఇందులో జీడీడీఆర్5 మెమరీది, డీడీఆర్4ది అని రెండు రకాలున్నాయి, మొదటిదే తీసుకోండి. దీని లోపం ఏవీ1 అనే కొత్త ముడి రాకపోవడం. 2018లో వచ్చిన ఆ పద్ధతిని యూట్యూబ్ లాంటివి బాగా వాడుతున్నాయి. మీ ఫైళ్లకు ఈరోజు అక్కర్లేదు, అయిదేళ్ల తర్వాత అక్కర రావచ్చు.

ఆర్‌ఎక్స్ 6400 కూడా పొట్టి కార్డే, హెచ్‌డీఎంఐ 2.1 ఉంది. కొత్తది కదా అని ఏవీ1 ఉంటుందనుకుంటారు, లేదు. అదే వరుసలోని పెద్ద అన్నలకు ఉంది, దీనికి తీసేశారు. తరం పేరు చూసి కొంటే ఇలాగే దెబ్బతింటాం. ఏవీ1 కావాలి, పొట్టి కార్డు కావాలి, అదనపు వైరు ఉండకూడదు అంటే ఆర్‌టీఎక్స్ 3050లో 6 జీబీ రకం ఉంది, 70 వాట్లు. మసకగా ఉన్న పాత వీడియోకు పదును పెట్టే సదుపాయం కూడా దానిలో ఉంది. సన్నపాటి డబ్బాలో 70 వాట్ల కార్డుకు ఫ్యాన్ తప్పదు, అది రెండు స్లాట్ల చోటు కూడా తింటుంది. ఇంటెల్ ఆర్క్ ఏ310 అనే మరో చిన్న కార్డు ఏవీ1ను చక్కగా విప్పుతుంది గానీ, కంపెనీయే పదో తరం, ఆపై ప్రాసెసర్లతో వాడమంటుంది. మీ నాలుగో తరంతో ఆ ప్రయోగం వద్దు.

ఈ దారికి ఇంకో చిక్కుంది, మీరు కార్డు ధరతో పాటు దీన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. మీ నాలుగో తరం ప్రాసెసర్‌కు విండోస్ 11 అధికారికంగా రాదు. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ముసలి ఎడ్లకు కొత్త బండి కడుతున్నారన్నమాట. ఆ కంప్యూటర్ సినిమాలకు తప్ప ఇంకెందుకూ వాడరు, బ్యాంకు పనులు దానిలో చేయరు అంటే కట్టండి, తప్పులేదు.

అందుకే మూడో దారి చెబుతున్నాను. కార్డుకు పెట్టే డబ్బుతో పాటు ఇంకొంత వేసుకుని అరచేతి సైజు మినీ పీసీ ఒకటి తీసుకోవడం. ఇంటెల్ 11వ తరం నుంచి వచ్చే ప్రాసెసర్లలోని గ్రాఫిక్స్‌కు హెచ్‌ఈవీసీ, ఏవీ1 రెండూ వచ్చు. ఎన్100 లాంటి చవక చిప్ కూడా 4కే సినిమాను నిద్రలో ఆడిస్తుంది. విడిగా కార్డే అక్కర్లేదు. పాత కంప్యూటర్లోని డిస్క్‌ను యూఎస్‌బీ డబ్బాలో పెట్టి దీనికి తగిలించుకోవచ్చు. కరెంటూ తక్కువ, చప్పుడూ తక్కువ. కొనేముందు దాని హెచ్‌డీఎంఐ 2.0 అవునా కాదా అని మాత్రం అడగండి, లోపల చిప్ కొత్తదై బయట పోర్టు 1.4 అయిన బోర్డులు ఉన్నాయి. మీ ఉత్తరం చదువుతుంటే నా మనసు ఈ దారి వైపే మొగ్గింది. అయితే మీ పాత కంప్యూటర్‌తో మీకున్న అనుబంధం సంగతి నాకు తెలియదు, ఉత్తరంలో దాన్ని రెండుసార్లు "మా వాడు" అని రాశారు.

నాలుగోది బావమరిది దారి. పెద్ద గేమింగ్ కార్డు మీ డబ్బాలో పట్టదు, పట్టినా పవర్ సప్లై చాలదు. అంటే కేబినెట్ మార్చాలి, దాంతో పవర్ సప్లై మార్చాలి, చాలా ఆఫీసు కంప్యూటర్లలో బోర్డుకు వచ్చే కనెక్టర్లు వేరుగా ఉంటాయి కాబట్టి అదీ తలనొప్పే. చివరికి హెచ్‌ఈవీసీ ముడిని చిన్న కార్డు విప్పినట్టే విప్పుతుంది, ఒక్క బొమ్మ కూడా ఎక్కువ ఇవ్వదు. పెద్ద కార్డు నిజంగా పనికొచ్చే సందర్భం ఒకటుంది. మ్యాడ్‌వీఆర్ లాంటి సాఫ్ట్‌వేర్లతో బొమ్మను లెక్కలు కట్టి మెరుగుపరిచే సరదా ఉన్నవాళ్లకు, ముఖ్యంగా ప్రొజెక్టర్ మీద చూసేవాళ్లకు బలమైన కార్డు ఉపయోగం. మీకు ఆ సరదా ఉన్నట్టు ఉత్తరంలో ఎక్కడా కనిపించలేదు. మీ బావమరిది సెలవులకు మీ ఇంటికొస్తే ఏం ఆడుకుంటాడో కనుక్కోండి. తప్పేమీ కాదు, గేమ్స్ కోసమైతే గేమ్స్ కోసమని చెప్పుకుని ఇద్దరూ కలిసి కొనుక్కోవచ్చు. నాన్నగారి పేరు మీద మాత్రం కొనకండి.

ఏది కొన్నా కేబుల్, పోర్టు సంగతి మరిచిపోవద్దు. కార్డు బిగించాక టీవీ కేబుల్ కార్డుకే పెట్టాలి, పాత చోట మదర్‌బోర్డుకు కాదు. టీవీలో అన్ని హెచ్‌డీఎంఐ రంధ్రాలూ సమానం కావు, కొన్నిటికే పూర్తి వేగం ఉంటుంది. పైగా సెట్టింగుల్లో ఆ రంధ్రానికి ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్ అనో, డీప్ కలర్ అనో, ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్ అనో ఉన్న స్విచ్ వేస్తే గానీ హెచ్‌డీఆర్ రాదు. నేను ఒకసారి రెండు రోజులు కార్డును తిట్టి, డ్రైవర్లు నాలుగుసార్లు తీసి వేసి, మూడో రోజు వంగి చూస్తే కేబుల్ పక్క రంధ్రంలో ఉంది. ఆ మాట ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, మీకు చెబుతున్నాను.

ఓటీటీ సినిమాలు కూడా కంప్యూటర్ నుంచే 4కేలో వస్తాయా అని అడిగారు. కార్డు ఒక్కటే మారిస్తే రావు. కార్డు, కేబుల్, టీవీ వరుసంతా హెచ్‌డీసీపీ 2.2 అనే తాళానికి ఒప్పుకోవాలి, ఆ సర్వీసు ఒప్పుకున్న బ్రౌజర్ గానీ యాప్ గానీ ఉండాలి. అంత శ్రమ ఎందుకు, టీవీలోనే ఆ యాప్‌లు ఉన్నాయి కదా. 4కే బ్లూరే డిస్కులు కొనాలన్న ఆలోచన కూడా ఉంటే దానికి విడి ప్లేయర్ తీసుకోండి. కంప్యూటర్‌లో అధికారికంగా ఆడించాలంటే ఇంటెల్ ఏడు నుంచి పదో తరం వరకు ఉన్న ప్రాసెసర్ల లోపలి గ్రాఫిక్సే కావాలి, ఆ తర్వాతి తరాల్లో అందుకు కావలసిన భద్రతా సదుపాయాన్ని తీసేశారు. ఏ కార్డు వేసినా లాభం లేదు.

ఇప్పుడు మీరు చివర్లో ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన సంగతికి వస్తాను. డైలాగులకు సౌండ్ పెంచడం, ఫైట్‌కు తగ్గించడం. కొత్త సినిమా ఫైళ్లలో ఆడియో ఆరు దారుల్లో ఉంటుంది, 5.1 అంటారు. మాటలు ఎక్కువగా మధ్య స్పీకర్‌కు పంపిస్తారు. మీ టీవీకి ఉన్నవి రెండే స్పీకర్లు. ఆరింటిని రెండింటిలో కలిపేటప్పుడు మాట సన్నబడి, పేలుళ్లు మాత్రం మిగులుతాయి. డెబ్బై దాటిన చెవికి అది ఎలా వినిపిస్తుందో ఊహించండి. ఆయన లేచి వెళ్లిపోతున్నది బొమ్మ తడబడుతోందనే అని మీరు తేల్చేశారు. అదీ కారణం కావచ్చు. కానీ పాత సినిమాల ఫైళ్లు ఆగకుండా ఆడుతున్నాయని మీరే రాశారు, అవి పెట్టినప్పుడు ఆయన చివరిదాకా కూర్చుంటున్నారా? ఆ ఒక్కటి ఉత్తరంలో లేదు. వాటిలో ఆడియో సాధారణంగా ఒకే దారి, మాట నేరుగా వస్తుంది.

విండోస్ సౌండ్ సెట్టింగ్‌లో స్పీకర్ల అమరిక 5.1 అని ఉంటే స్టీరియోకు మార్చండి, కొన్నిసార్లు మధ్య స్పీకర్ మాటలు అక్కడే గాలిలో కలిసిపోతాయి. ఫైల్‌లో రెండో ఆడియో ట్రాక్ స్టీరియోలో ఉంటే అది ఎంచుకోండి. వీఎల్‌సీ ఆడియో ఎఫెక్టుల్లో కంప్రెసర్ అని ఉంది, అది గట్టి చప్పుళ్లను తగ్గించి మెల్లటి మాటలను పైకి తెస్తుంది. టీవీలో క్లియర్ వాయిస్ లాంటి పేరుతో ఒక మోడ్ కూడా ఉండొచ్చు. ఇవన్నీ పెట్టాక ఒక రాత్రి మాటలు ఎక్కువున్న కొత్త సినిమా, మామూలు హెచ్‌డీ ఫైల్, ఏదైనా పెట్టి రిమోట్ నాన్నగారి చేతికివ్వండి. ఆయన ఎన్నిసార్లు నొక్కుతారో లెక్కపెట్టండి. కార్డు సంగతి ఆ మర్నాడు చూసుకోవచ్చు.